ఆ ఫొటోలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఏం రాస్తున్నారో ఎవరైనా చూశారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. కొత్త చట్టాల మీద పోలీసు సిబ్బందికి పునశ్చరణ తరగతులు ముగిశాయని వార్త. ముందు కుర్చీల్లో అధికారులు, వెనక మూడు వరసల్లో హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు, చేతుల్లో సర్టిఫికెట్లు. శిక్షణ విజయవంతంగా పూర్తయిందని కింద రాశారు. విజయవంతమని ఎవరు తేల్చారు, ఏం చూసి తేల్చారు అన్నదే నా ప్రశ్న. మీ విలేకరి మీద ఫిర్యాదు కాదిది. అలాంటి ప్రెస్‌నోట్లు ఐదేళ్లపాటు నేనే రాసి పంపాను. "విజయవంతంగా" అన్న మాట లేకుండా ఒక్కటీ పంపలేదు.

నేను 1986లో కానిస్టేబుల్‌గా చేరి 2025లో ఎస్సైగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్ని, అంటే స్టేషన్‌లో కేసు కాగితాలు రాసేవాణ్ని. చివరి ఐదేళ్లు ఒక శిక్షణ కేంద్రంలో ఇండోర్ పాఠాలు చెప్పాను. పరేడ్, పీటీ, ఆయుధాలు ఔట్‌డోర్ కిందికి వస్తాయి. చట్టాలు, దర్యాప్తు, రికార్డు రాయడం ఇండోర్. ట్రైనింగ్‌కు పోస్టింగ్ పడితే మావాళ్లు దాన్ని లూప్‌లైన్ అంటారు, అంటే పక్కన పడేసిన పోస్టు. ఆర్డరు వచ్చిన రోజు పలకరించిన ప్రతివాడూ "ఏం జరిగింది, ఎవరితో పడలేదు?" అనే అడిగాడు. ఎవరితోనూ గొడవ లేదు, మోకాళ్ల నొప్పులతో బందోబస్తులు చేయలేక నేనే అడిగి వేయించుకున్నానంటే ఒక్కరూ నమ్మలేదు.

కోర్సు ఆఖరి రోజు మధ్యాహ్నం ఒక కాగితం పంచుతాం. పాఠాలు ఎలా ఉన్నాయి? చాలా బాగున్నాయి, బాగున్నాయి, ఫరవాలేదు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పటికే బ్యాగులు సర్దుకుని, సాయంత్రం బస్సు అందుతుందో లేదోనని గడియారం చూసుకుంటున్నవాళ్లు ఏం చేస్తారు? అందరి టిక్కూ మొదటి గడిలోనే. ఐదేళ్లలో మనసు విప్పి రాసినవి ఏవైనా ఉన్నాయంటే అవి మెస్ గురించే. సాంబారు నీళ్లలా ఉందని ఒకరు, రాత్రి చపాతీలు గట్టిపడ్డాయని ఒకరు. నాకు అన్నిటికన్నా ఎక్కువ "చాలా బాగున్నాయి"లు వచ్చిన కోర్సు ఒకటుంది. మా ఇంట్లో పెళ్లి పనులుండి రోజూ అరగంట ముందే క్లాసు వదిలేసిన కోర్సు అది. ఆ కాగితాలన్నీ కూడి, శాతం కట్టి పైకి పంపేవాళ్లం. మా దగ్గర శిక్షణ నాణ్యతను కొలవడమంటే అంతే.

కొత్తగా చేరినవాళ్లకైతే తొమ్మిది నెలల శిక్షణ ఉంటుంది, పరీక్షలూ ఉంటాయి. తెల్లవారకముందే లేచి, పరుగెత్తి, పరేడ్ చేసి, టిఫిన్ తిని క్లాసులో కూర్చున్న పిల్లలకు ఫ్యాను గాలి తగిలితే పది నిమిషాల్లో తలలు వాలిపోతాయి. లేపి నిలబెడితే నిలబడే నిద్రపోయేవాళ్లను చూశాను. తప్పు వాళ్లది కాదు. పరీక్షలు దగ్గరకొచ్చేసరికి ముఖ్యమైన ప్రశ్నలు నేనే బోర్డు మీద రాసేవాణ్ని. అందరూ పాసయ్యేవారు. నాకు మంచి పేరు వచ్చేది.

మార్కులకు, పనికి సంబంధం ఎంతో నాకు ముందే తెలియాల్సింది. నేను ట్రైనీగా ఉన్నప్పుడు సాక్ష్య చట్టం సెక్షన్ 27 పొల్లుపోకుండా రాసి మెప్పు పొందినవాణ్ని. కస్టడీలో ఉన్న ముద్దాయి చెప్పిన సమాచారంతో సొత్తు దొరికితే, ఆ మేరకు అతని మాట సాక్ష్యంగా చెల్లుతుందన్నది ఆ సెక్షన్. 1998లో ఒక దొంగతనం కేసులో మహజరు, అంటే సాక్షుల ముందు రాసే పంచనామా, నా చేతి రాతే. ముద్దాయి అరెస్టు సాయంత్రం నాలుగున్నరకు, అతను చూపించగా సొత్తు స్వాధీనం నాలుగు గంటలకు అని రాశాను. డిఫెన్స్ లాయరు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "మనిషి దొరక్కముందే ఆయన చూపించిన సొత్తు ఎలా దొరికింది సార్?" అని మెల్లగా అడిగాడు. మా ఎస్సై గారు బోనులో నిలబడి నా వైపు చూశారు. కేసు పోయింది. సెక్షన్ నాకు రాదా? వచ్చు. రాత్రి తొమ్మిదికి ముగ్గురు ముద్దాయిల కాగితాలు ఒక్కడినే రాస్తూ, ముందు ఏది జరిగిందో ఆ వరసలో గడియారం చూసి టైము వేసుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పారో లేదో చూడటానికి ఎవరూ రాలేదు.

మా కేంద్రానికి ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక అధికారి వచ్చి ఇన్‌స్ట్రక్టర్లకు క్లాసు తీసుకున్నారు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే శిక్షణను కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడట. నా నోట్‌బుక్‌లో వాటిని మన మాటల్లో ఇలా రాసుకున్నాను: నచ్చిందా, వచ్చిందా, చేస్తున్నాడా, ఫలితం కనిపించిందా. మేం మొదటి మెట్టు మీద టిక్కులు లెక్కపెడుతూ, రెండో మెట్టు మీద మార్కులు వేస్తూ కూర్చున్నాం. మూడో మెట్టు ఎక్కాలంటే స్టేషన్‌కు పోవాలి. అక్కడికి పోయే బడ్జెట్టు, హుకుం రెండూ మాకు లేవు.

మన దేశంలో ఈ విషయం ఎవరికీ తట్టలేదని కాదు. పోలీసు శిక్షణ ఒక్కదాని మీదే 1971లో కేంద్రం ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద ఎం.ఎస్.గోరే, పోలీసు అధికారి కాదు, సామాజిక శాస్త్రాలు చెప్పిన మనిషి. 1973లో నివేదిక వచ్చింది. నేను చేరింది దాని తర్వాత పదమూడేళ్లకు. మా బ్యాచ్‌లో పాఠం కన్నా బూట్ల పాలిష్‌కే ఎక్కువ కేకలు పడ్డాయి.

ఆ అధికారి వెళ్లిపోయాక నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. మా కేంద్రంలో వాడని గది ఒకటి ఉండేది. అందులో తలుపు ఊడిన ఇనుప బీరువా, ఒక నవారు మంచం, ముందు చక్రం లేని సైకిలు. ట్రైనీలను ఇద్దరిద్దర్ని పంపి, ఇక్కడ దొంగతనం జరిగిందనుకుని దృశ్య మహజరు రాయమన్నాను. నలభై మంది రాసిన కాగితాల్లో దాదాపు అన్నిటిలో ఒకే వాక్యం: "సదరు గదిలో వస్తువులు చిందరవందరగా పడి ఉన్నవి." ఆ గదిలో చిందరవందరగా ఏమీ లేదు. ఉన్నవే మూడు వస్తువులు, మూడూ గోడకు ఆనించి ఉన్నాయి. ఆ వాక్యం ఎప్పటి నుంచో మహజర్లలో నడిచి వస్తున్నది, అంతే.

మర్నాడు ఆ కాగితాలను ఇంకో సెక్షన్ పిల్లలకిచ్చి, గది చూడకుండా, కాగితం చదివి బోర్డు మీద గది బొమ్మ గీయమన్నాను. ఒకడు తలుపు తూర్పుకు పెట్టాడు, ఒకమ్మాయి పడమరకు పెట్టింది. కాగితంలో దిక్కే లేదు మరి. సైకిలు అందరూ రెండు చక్రాలతో గీశారు. రాసినవాళ్లను పిలిచి ఆ బొమ్మలు చూపిస్తే క్లాసంతా పడిపడి నవ్వారు. వాళ్లలో ఒక్కరూ నిద్రపోలేదు. మూడో వారానికి మహజర్లు మారాయి. "గది తలుపు ఉత్తరం వైపు ఉంది. తలుపు నుంచి బీరువాకు ఏడు అడుగులు. బీరువా కుడి రెక్క లేదు, పై బందు మాత్రం మిగిలి ఉంది." అది చదివి ఎవరైనా బొమ్మ గీయగలరు. నాకు తెలిసినంతలో శిక్షణకు పరీక్ష అంటే అది. మార్కులు వేసింది నేను కాదు, గది చూడని మనిషి.

ఆ తర్వాత కథ వినండి. ఆ బ్యాచ్ వెళ్లిన ఏడాదికి వాళ్లలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీరు చెప్పినట్టు రెండు పేజీలు రాశాను. మా రైటర్ గారు చూసి, అవన్నీ ట్రైనింగ్‌లో తల్లీ, ఇది స్టేషన్, పాత ఫార్మాట్ కంప్యూటర్‌లో ఉంది, పేర్లు మార్చి ప్రింట్ తీసుకో అన్నారు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రైటర్‌గా ఉన్న రోజుల్లో కొత్తవాళ్లతో నేనన్న మాటే అది. తొమ్మిది నెలల పాఠాన్ని చెరిపేయడానికి ఆ ఒక్క వాక్యం చాలు. పాఠం చెడ్డదైనందుకు పోయిందా, మంచిదే అయినా స్టేషన్‌లో నిలవలేదా అన్నది క్లాసులో కూర్చున్నవాడికి ఎప్పటికీ తెలియదు.

అందుకే చివరి ఏడాది సెలవు రోజుల్లో, తెలిసిన ఎస్‌హెచ్‌ఓల (స్టేషన్ బాధ్యత చూసే అధికారుల) అనుమతి అడిగి, నా పాత ట్రైనీలున్న ఆరు స్టేషన్లు తిరిగాను. సొంత ఖర్చు, సొంత నోట్‌బుక్. దీన్ని సర్వే అనుకోవద్దు. ఒక మేస్టారు పిల్లల ఇళ్లకు వెళ్లి చూసి వచ్చాడనుకోండి.

సెక్షన్ నంబర్లు అన్ని చోట్లా కరెక్టుగా ఉన్నాయి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, హత్య 302 పోయి 103 అయిందని, చీటింగ్ 420 పోయి 318 అయిందని, వాంగ్మూలాల 161 పోయి 180 అయిందని ఎవర్నడిగినా చెప్పారు. పాత నంబరుకు ఎదురుగా కొత్త నంబరున్న పట్టిక ప్రతివాడి ఫోన్‌లోనూ ఉంది. మేం రోజుల తరబడి క్లాసుల్లో చెప్పింది కూడా ముఖ్యంగా ఆ పట్టికే. చెప్పినది వచ్చింది. చెప్పాల్సింది వేరే ఉంది.

సోదా, స్వాధీనం వీడియో తీయాలని కొత్త చట్టాల్లో ఒకటైన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 చెబుతుంది. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయడం, సాక్షులు సంతకాలు పెట్టడం కూడా అందులో రావాలి. ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. నేను చూసిన ఒక వీడియోలో మొదటి దృశ్యమే బల్ల మీద పరిచిన గంజాయి పొట్లాలు. బ్యాగు ఎక్కడుంది, ఎవరు విప్పారు, ఏమీ లేదు. తీసిన కుర్రాణ్ని అడిగితే, "ఫోన్ నాదే సార్, స్టోరేజ్ ఫుల్ అయింది, ఫొటోలు డిలీట్ చేసేలోగా బ్యాగు విప్పేశారు" అన్నాడు. ఆ కుర్రాడు నా క్లాసులో 105 గురించి తప్పులేని జవాబు రాసినవాడే. నేను స్లైడ్ చదివాను, అతను రాసుకున్నాడు. ఒక సంచి తెచ్చి, ఒక ఫోన్ చేతికిచ్చి, "ఊఁ, తియ్యి" అని నేను ఒక్కసారీ అనలేదు. అరగంట పని అది.

ఇంకో విషయం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హాష్ వాల్యూ, అంటే ఫైలును ఎవరూ మార్చలేదని చూపే గుర్తు, రాయాలి. ఆ పాఠం పదిసార్లకు పైగా చెప్పాను. హాష్ వాల్యూ ఎలా తీయాలో నాకే రాదు. ఏ ట్రైనీ అడగలేదు, నేను బతికిపోయాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు. నాకు వచ్చో రాదో చూసినవాళ్లు లేరు. ఇన్‌స్ట్రక్టర్‌ను పరీక్షించే పద్ధతి ఉంటే మొదటి నెలలోనే దొరికిపోయేవాణ్ని.

నోటీసుల సంగతీ అంతే. ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని, ముందు నోటీసు ఇచ్చి పిలవమని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు సెక్షన్ అప్పట్లో 41ఏ, ఇప్పుడు 35(3). ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో అదే కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నేను వెళ్లిన ఒక స్టేషన్‌లో, ఆ తీర్పు వచ్చి నెలలు గడిచాక, నా ముందే ఒకాయన నోటీసు ఫొటో తీసి వాట్సాప్ చేసి, బ్లూ టిక్కులు పడగానే స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టాడు. చాలా శ్రద్ధగా పెట్టాడు పాపం. రిఫ్రెషర్‌కు వెళ్లలేదా అని అడిగాను.

"నేనెప్పుడు వెళ్లాను సార్, నన్ను ఎవరు వదుల్తారు?" అన్నాడు.

అసలు జబ్బు ఇక్కడుంది. రిఫ్రెషర్ కోర్సుకు ఇంతమందిని పంపమని స్టేషన్‌కు మెసేజ్ వస్తుంది. ఎస్‌హెచ్‌ఓ ఎవర్ని పంపుతారు? ఎవరు లేకపోయినా పని ఆగదో వాళ్లను. మెడికల్ లీవు నుంచి వచ్చినాయన, రిటైర్మెంటుకు దగ్గరపడినాయన, బందోబస్తు తప్పించుకుందామని తనే ముందుకొచ్చినాయన. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నుంచి చార్జిషీటు దాకా నిజంగా రాసే రైటర్‌ను మాత్రం వదలరు. నా సర్వీసులో రైటర్‌గా ఉన్న అన్నేళ్లలో నన్ను కోర్సుకు పంపింది రెండుసార్లే, అందులో ఒకసారి మధ్యలో ఫోన్ చేసి వెనక్కి పిలిపించారు. నేర్చుకున్నవాడు రాయడు, రాసేవాడు నేర్చుకోడు. లెక్కలో మాత్రం స్టేషన్‌కు శిక్షణ పూర్తయినట్టే.

ఎస్‌హెచ్‌ఓలనూ అనలేం. ఉన్న సిబ్బందితోనే కోర్టు డ్యూటీ, ఎస్కార్టు, నైట్ బీటు, వీఐపీ వస్తే బందోబస్తు. రైటర్‌ను వారం పంపితే ఆ వారం కాగితం కదలదు. ఆయన్ని కేంద్రానికి పిలిచే బదులు ఇన్‌స్ట్రక్టరే స్టేషన్‌కు వెళ్లి, రెండు రోజులు ఆయన బల్ల పక్కన కూర్చుంటే సరిపోతుంది. నేను తిరిగిన ఆరు స్టేషన్లలో నేను చూసి వచ్చినదాని కన్నా, పక్కన కూర్చుని చెప్పి వచ్చిందే ఎక్కువ.

మంచి శిక్షణ మాకు తెలియనిదేం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర బస్ స్టాప్‌లో కుప్పకూలిన మనిషికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి బతికించిన వీడియో అందరూ చూశారు. మా కేంద్రంలోనూ ఒక డాక్టరు గారు బొమ్మ తెచ్చి సీపీఆర్ నేర్పారు. నిమిషానికి నూటికి తగ్గకుండా, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. సరిగా నొక్కితేనే బొమ్మ టిక్కుమంటుంది. లావుపాటి హెడ్ కానిస్టేబుల్ ఒకాయన రెండు నిమిషాలకే చెమటలు కక్కుతూ, "ఇదేంది సార్, పీటీ కన్నా కష్టం" అన్నాడు గానీ టిక్కు వినిపించేదాకా వదల్లేదు. ఆ రోజు ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో సాయంత్రానికి అందరికీ తెలుసు. మహజరు, నోటీసు, సోదా వీడియో కూడా అలా నేర్పవచ్చు.

ఇక ఏం చేయాలంటారా. కోర్సు అయిన ఆర్నెల్లకు, ఆ కోర్సుకు వచ్చినవాళ్లు రాసిన కాగితాలు కొన్ని తెప్పించుకుని ఇన్‌స్ట్రక్టర్లు చదవాలి. ఎఫ్‌ఐఆర్‌లు, చార్జిషీట్లు పోలీసు కంప్యూటర్ నెట్‌వర్క్ అయిన సీసీటీఎన్‌ఎస్‌లోనే ఉంటాయి, దుమ్ము దులపక్కర్లేదు. కోర్టు చార్జిషీటు వెనక్కి పంపేటప్పుడు ఏం లోపమో రాసే పంపుతుంది. ఆ రిటర్నులన్నీ ఒకచోట చేరిస్తే ఏ పాఠం సరిగా వెళ్లలేదో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారిని అడిగితే ఏ స్టేషన్ ఏ తప్పు మళ్లీ మళ్లీ చేస్తుందో టీ తాగేలోగా చెబుతారు. ఇప్పటిదాకా శిక్షణ కేంద్రం నుంచి ఎవరైనా వెళ్లి అడిగారా? నేను అడగలేదు, ఐదేళ్లూ. ఏట్లో వేసినా ఎంచి వేయమన్నారు కదా.

ఒక్క షరతు. దొరికిన తప్పుకు మెమో ఇవ్వకూడదు. మా డిపార్ట్‌మెంట్‌లో తనిఖీ అనగానే ముందు రాత్రి కూర్చుని రికార్డు సరిచేయడం అలవాటు. చార్జిమెమో భయం ఉంటే చూపించే కాగితాలన్నీ బంగారంలా ఉంటాయి, పాఠం ఎక్కడ పోయిందో ఎప్పటికీ దొరకదు. ఆ ఆరు స్టేషన్లలో నాకు అన్నీ చూపించారంటే, నేను ఎవరికీ రిపోర్టు రాయలేని మనిషిని గనకే.

మీ విలేకరికి ఒక్క మాట చెప్పండి. ఆ ఫొటోలో ఉన్నవాళ్లు ఏయే స్టేషన్లలో ఏయే పనులు చేస్తున్నారో కనుక్కోమనండి. వాళ్లలో రైటర్లు ఎంతమందో లెక్క తీయమనండి. మూడో వరసలో ఎడమ నుంచి రెండో ఆయన నాకు తెలుసు. సర్టిఫికెట్ పట్టుకుని చక్కగా నవ్వుతున్నారు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎస్సై,
ప్రొద్దుటూరు